కూల్చాలా, ఉంచాలా: విక్టోరియా కాలపు ఇంటి మీద ఇంగ్లండ్ లెక్క

ఇంగ్లండ్‌లో ఒకే వీధిలో రెండు చిన్న ఇటుక ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒకటి 1840లో కట్టింది, రెండోది 1880లో. రెండూ విక్టోరియా రాణి ఏలుబడి (1837–1901) నాటివే. స్లేటు పలకల పైకప్పు, పొగ గొట్టం, మధ్యలో తలుపు, అటొకటి ఇటొకటి కిటికీ. దారిన పోయేవాళ్లకు రెండూ ఒకటే. పడగొట్టి కొత్తది కట్టుకుందామని యజమాని అనుకున్న రోజున మాత్రం వీటి జాతకాలు వేరు.

కారణం 1850 అనే సంవత్సరం. చారిత్రక విలువను బట్టి జాతీయ జాబితాకెక్కి చట్టరక్షణ పొందే ‘లిస్టెడ్ బిల్డింగ్’గా ఏ కట్టడాన్ని చేర్చాలో చెప్పే ప్రభుత్వ సూత్రాల్లో కాలాన్ని బట్టి మెట్లున్నాయి. 1700కు ముందు కట్టినదై, అసలు నిర్మాణం చెప్పుకోదగినంత మిగిలి ఉంటే దాదాపు ఏ కట్టడానికైనా చోటు దొరుకుతుంది. 1700 నుంచి 1850 దాకా కట్టినవాటిలో అలా మిగిలినవి చాలావరకు చేరతాయి. 1850 దాటాక మాత్రం ఏరివేత మొదలవుతుంది, కాలం ముందుకు వచ్చేకొద్దీ అది బిగుస్తుంది. ఎందుకంటే ఆ తర్వాత ఇళ్లు కట్టిన జోరు అలాంటిది. ఇటుక మీద పన్ను 1850లో పోయింది, కిటికీల మీద పన్ను 1851లో పోయింది, రైళ్లు వేల్స్ నుంచి స్లేటును ఊరూరికీ మోశాయి. అలా లేచిన ఇళ్లలో చాలా భాగం ఈనాటికీ నిలబడి ఉన్నాయి, వాటిలో జనం కాపురాలు చేస్తున్నారు. అందుకే విక్టోరియా నడిమి కాలపు మామూలు ఇల్లు జాతీయ జాబితాలోకి ఎక్కడం కష్టం. తోటి ఇళ్లు ఎక్కువగా బతికి ఉండటమే దాని లోటు.

కాబట్టి ‘ఈ ఇల్లు చారిత్రకమా కాదా’ అన్న ప్రశ్న దగ్గర ఆగితే ఏమీ తేలదు. ఇల్లు చట్టం దృష్టిలో ఏ గడిలో ఉందన్నది మొదటి మాట. ఆ గడిని బట్టి అడిగే ప్రశ్నే మారిపోతుంది. (ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్, వేల్స్ చట్టాలు వేరు.)

జాబితాలో ఉన్న ఇంటి సంగతి తేలిక. ఇంగ్లండ్‌లో సుమారు 3,80,000 లిస్టెడ్ కట్టడాలున్నాయి, వాటిలో నూటికి 90కి పైగా గ్రేడ్ 2 అనే కింది తరగతివే. కాటేజీలు దాదాపు అన్నీ ఆ తరగతిలోనే ఉంటాయి. కింది తరగతి అంటే కాపలా తక్కువని కాదు. 1990 నాటి చట్టం ప్రకారం కౌన్సిల్ (స్థానిక పాలక సంస్థ) సమ్మతి లేకుండా కూల్చడం నేరం. రెండేళ్ల దాకా జైలు, పరిమితి లేని జరిమానా. జాబితాలో ఉందని తెలియదన్న సాకు చెల్లదు. సమ్మతి అడిగినా, గ్రేడ్ 2 కట్టడాన్ని పూర్తిగా పోగొట్టడం అసాధారణ సందర్భాల్లోనే జరగాలని జాతీయ ప్లానింగ్ విధానం చెబుతోంది. ఆ నష్టాన్ని మించిన పెద్ద ప్రజా ప్రయోజనమైనా చూపాలి, లేదా నాలుగు విషయాలు కలిపి రుజువు చేయాలి. ఆ ఇల్లు అలా ఉండగా ఆ స్థలానికి సహేతుకమైన ఏ ఉపయోగమూ కుదరదని, అమ్మకానికి సరిగ్గా పెట్టి చూసినా నిలబెట్టగల దారి దొరకలేదని, గ్రాంటో ట్రస్టో ఆదుకునే వీల్లేదని, స్థలం మళ్లీ వాడుకలోకి రావడం వల్ల కలిగే మేలు నష్టానికి మించిందని. నాలుగింటిలో మూడు సరిపోవు. మనుషులు ఉండగలిగిన చిన్న ఇంటికి మొదటి షరతే అడ్డం పడుతుంది.

ఇక్కడ తెలియనివాళ్లు పడే గొయ్యి ఒకటుంది. పెద్ద బంగళా వెనక తోటమాలికో బండివాడికో కట్టిన చిన్న ఇల్లు జాబితాలో పేరు లేకుండానే రక్షణలో ఉండొచ్చు. అసలు బంగళా లిస్టెడ్ అయి, దాని ప్రాంగణంలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడమైతే, అదీ జాబితాలో ఉన్నట్టే లెక్క. తర్వాత ఇద్దరు వేరువేరు యజమానుల చేతిలోకి పోయినంత మాత్రాన ఆ రక్షణ ఊడిపోదు.

రెండో గడి కన్జర్వేషన్ ఏరియా. 1967లో వచ్చిన ఏర్పాటు ఇది, ఇప్పుడు దేశంలో దాదాపు 10,000 ఉన్నాయి. ఇక్కడ కాపాడేది ఒక్కో ఇంటిని కాదు, ఆ వీధి తీరును. 115 ఘనపు మీటర్ల లోపు కట్టడాన్ని అనుమతి లేకుండా తీసేయొచ్చు. అది అయిదు మీటర్ల చదరంలో నాలుగున్నర మీటర్ల ఎత్తు లేచిన కొట్టంత. ఎంత చిన్న కాటేజీ అయినా దాన్ని మించే ఉంటుంది కాబట్టి ప్లానింగ్ పర్మిషన్ తప్పదు. కౌన్సిల్ అడిగే ప్రశ్న: ఈ ఇల్లు పోతే వీధి అందానికి, తీరుకు మేలా కీడా? వరసలో ఉన్న ఎనిమిది ఇళ్లలో ఒకటి పీకితే ఏమవుతుందో ఊహించడానికి నిపుణులు అక్కర్లేదు. ఊరి చివర, ప్లాస్టిక్ కిటికీలు పెట్టి ముందువైపు సిమెంటు గచ్చు చేసిన ఒంటరి ఇంటి విషయంలో వాదనకు చోటుంటుంది.

అసలు కథ మూడో గడిలో ఉంది. జాబితాలో లేదు, కన్జర్వేషన్ ఏరియాలో లేదు. విక్టోరియా ఇళ్లలో ఎక్కువ భాగం ఇక్కడివే. వీటిని కూల్చడానికి మామూలు అర్థంలో ప్లానింగ్ పర్మిషన్ పెట్టుకోనక్కర్లేదు. దేశమంతటికీ వర్తించే ఒక ఉత్తర్వు ద్వారా ఆ పర్మిషన్ ముందే ఇచ్చేసి ఉంది. యజమాని చేయాల్సింది కౌన్సిల్‌కు తెలియజేయడం, ఇంటి దగ్గర నోటీసు 21 రోజులు కనబడేలా పెట్టడం. కౌన్సిల్‌కు 28 రోజుల గడువు. ఆ గడువులో కౌన్సిల్ అడగగలిగేది రెండే: ఎలా పడగొడతారు, తర్వాత స్థలాన్ని ఎలా చక్కబెడతారు. దుమ్ము, లారీలు, రాళ్లూరప్పలు. పడగొట్టాలా వద్దా అన్న ప్రశ్న అడిగే అధికారం ఆ ప్రక్రియలో దానికి లేదు. 140 ఏళ్ల ఇంటి భవిష్యత్తు మీద అధికారికంగా జరిగే చర్చ లారీ ఏ గేటు గుండా పోవాలన్న దగ్గర ఆగిపోతుంది.

ఈ ఖాళీ అనుకోకుండా మిగిలిందేమీ కాదు. పబ్బులను 2017లో ఈ సడలింపు నుంచి తప్పించారు, తర్వాత నాటకశాలలను, సంగీత వేదికలను కూడా. జనం గోల పెట్టిన చోట తలుపు మూశారు. ఇళ్ల కోసం ఎవరూ అంత గోల పెట్టలేదు, అంతే.

ఇరుగుపొరుగు ఆ నోటీసు చూసి మేల్కొంటే పరుగు మొదలవుతుంది. చారిత్రక కట్టడాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్‌కు లిస్టింగ్ దరఖాస్తు పెట్టొచ్చు. ఈలోగా ఇంటిని ఆపి ఉంచడానికి కౌన్సిల్ బిల్డింగ్ ప్రిజర్వేషన్ నోటీసు ఇవ్వొచ్చు, అది వెంటనే అమల్లోకి వచ్చి ఆరు నెలలు లిస్టింగ్‌తో సమానమైన రక్షణ ఇస్తుంది. 2024 దాకా చిక్కల్లా, చివరికి ఇల్లు జాబితాకు ఎక్కకపోతే యజమానికి కలిగిన నష్టం కౌన్సిల్ నెత్తిన పడే వీలుండటం. 1850 తర్వాతి ఇంటికి ఆ ఎక్కే అవకాశమే తక్కువని ముందే చూశాం. అందుకని ఆ నోటీసు మీద సంతకం పెట్టడానికి కౌన్సిళ్లు వెనకాడేవి. ఆ పరిహారపు నిబంధనను 2024లో తీసేశారు. ఇంకో దారి ఆర్టికల్ 4 డైరెక్షన్. ఒక ఇంటికో వీధికో ఆ సడలింపును రద్దు చేసి, ‘కూల్చాలంటే దరఖాస్తు పెట్టు’ అనడం. అప్పుడు గానీ అసలు ప్రశ్న బల్ల మీదికి రాదు.

యజమానికి కూడా ఒక సూటి దారి ఉంది, వాడేవాళ్లు తక్కువ. తన ఇంటిని జాబితాలో చేర్చబోమని అయిదేళ్ల హామీ పత్రం అడగొచ్చు. కాకపోతే అది అడిగితే మొదట జరిగేది ఇల్లు లిస్టింగ్‌కు తగునా అన్న పరిశీలనే. తగునని తేలితే, చేజేతులా జాబితాకు ఎక్కించుకున్నట్టు అవుతుంది.

దరఖాస్తు దాకా వచ్చాక వర్తించే విధానంలో ఒక మాట కీలకం. జాతీయ జాబితాలో లేకపోయినా స్థానికంగా విలువైనదని కౌన్సిల్ గుర్తించిన ఇంటి విషయంలో, నష్టం ఎంత, ఇంటి విలువ ఎంత అని చూసి ‘సమతూకమైన నిర్ణయం’ తీసుకోవాలి. లిస్టెడ్ ఇంటికైతే త్రాసు ముందే కాపాడే వైపు వంగి ఉంటుంది, ఆ బరువు చట్టం పెట్టింది. ఇక్కడ త్రాసు సమంగా ఉంటుంది, ఎవరు ఏ బరువు వేస్తే అటు వంగుతుంది. ఒకే రకమైన ఇంటికి పక్కపక్క కౌన్సిళ్లలో వేరువేరు తీర్పులు రావడానికి ఇదే మూలం.

ఆ బరువులు ఎలా పడతాయో లివర్‌పూల్‌లోని వెల్ష్ స్ట్రీట్స్ చూపిస్తాయి. టాక్స్‌టెత్ ప్రాంతంలో 1870లలో లేచిన వరస ఇళ్లు అవి, వీధుల పేర్లన్నీ వేల్స్ ఊళ్లవి, లోయలవి. 2002లో అప్పటి ప్రభుత్వం ఉత్తర ఇంగ్లండ్, మిడ్‌లాండ్స్ నగరాల్లో ఒక పథకం పెట్టింది: గిరాకీ పడిపోయిన పాత వీధులను తీసేసి కొత్త ఇళ్లు కడితే మార్కెట్ లేస్తుందని. వెల్ష్ స్ట్రీట్స్ జనాన్ని ఖాళీ చేయించారు, కిటికీలకు రేకులు కొట్టారు. ఏళ్లు గడిచాయి, పథకం 2011లో ఆగిపోయింది, ఇళ్లు మాత్రం అలాగే మిగిలాయి. కౌన్సిల్ మళ్లీ వందలాది ఇళ్లు కూల్చే ప్రతిపాదన తెచ్చింది, 2014లో బహిరంగ విచారణ జరిగింది. 2015 జనవరిలో మంత్రి ఎరిక్ పికిల్స్ ఆ ప్రతిపాదనను తిరస్కరించారు.

ఈ ఇళ్లలో ఒకటి మాడ్రిన్ స్ట్రీట్‌లోని 9వ నంబరు. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ 1940లో పుట్టిన ఇల్లు. పత్రికలు రింగో ఇల్లని రాశాయి, పర్యాటకులు ఆ రేకుల మీద పేర్లు రాసి పోయారు. ఆ ఒక్క ఇంటిని, దాని చుట్టుపక్కల కొన్నింటిని వదిలేసి మిగతావి తీసేస్తామని మధ్యలో ఒక రాజీ మాట కూడా వచ్చింది. వరస ఇంట్లో పుట్టిన పిల్లాడి కథ అర్థం కావాలంటే ఆ వరస ఉండాలి కదా. ఒక్కగానొక్క ఇంటిని గాజు పెట్టెలో బొమ్మలా నిలబెడితే మిగిలేది బొమ్మే. తిరస్కరణలో మంత్రి చెప్పిన కారణాల్లో ఈ వాదన ఉంది: మాడ్రిన్ స్ట్రీట్‌లో ఎక్కువ భాగం పోతే నగరపు బీటిల్స్ వారసత్వాన్ని అర్థం చేసుకునే వీలే దెబ్బతింటుందని. తర్వాత ప్లేస్‌ఫస్ట్ అనే సంస్థ ఆ ఇళ్లను బాగుచేసి, కొన్నిచోట్ల రెండేసి ఇళ్లను కలిపి, అద్దెకిచ్చింది. పనికిరావని ఏళ్ల తరబడి చెప్పిన ఇళ్లలో జనం చేరారు.

వెల్ష్ స్ట్రీట్స్ నుంచి తీసుకోవాల్సింది రింగో పేరు కాదు. ‘ఈ ఇల్లు బతకదు’ అన్న మాట దస్తావేజులో ఎక్కాక దాన్ని ఎవరూ తిరిగి పరీక్షించకపోవడం. ఒంటరి కాటేజీల విషయంలో కూడా నిర్ణయం చాలాసార్లు తేలేది అందం మీదా కాదు, చరిత్ర మీదా కాదు, దరఖాస్తుకు జతచేసిన ఇంజినీరు నివేదిక మీద.

ఆ నివేదికను చదవడం తెలియాలి. సాధారణంగా అందులో రెండు ఆరోపణలుంటాయి: పగుళ్లు, చెమ్మ. పగుళ్లను బ్రిటన్‌లో వెడల్పును బట్టి 0 నుంచి 5 దాకా తరగతులుగా విడగొడతారు. 5 మిల్లీమీటర్ల దాకా ఉన్నవి 2వ తరగతి, పూడ్చి రంగు వేసుకునే రకం. 5 నుంచి 15 దాకా అయితే కొంత ఇటుక తీసి తిరిగి కట్టాలి. 25 దాటితేనే గోడ నిలబడదేమో అన్న భయం. నివేదికలో ‘తీవ్రమైన పగుళ్లు’ అని ఉండి, పక్కన కొలత లేకపోతే ఆ విశేషణానికి విలువ లేదు. పైగా పగులు కదులుతోందా, ఆగిపోయిందా అన్నది వెడల్పు కంటే ముఖ్యం. లండన్ చుట్టుపక్కల బంకమట్టి నేల ఎండాకాలం కుంచించుకుని శీతాకాలం ఉబ్బుతుంది. పగులు మీద కొలత పట్టీ అతికించి ఏడాది చూడకుండా పునాది పోయిందని తేల్చడం తొందరపాటు.

చెమ్మ సంగతి ఇంకా తమాషా. ఆ కాలపు గోడ తొమ్మిది అంగుళాల మందం, మధ్యలో ఖాళీ లేని నిండు ఇటుక, సున్నపు అడుసుతో కట్టింది. వాన పడితే కొంత పీల్చుకుంటుంది, ఎండకూ గాలికీ వదిలేస్తుంది. సున్నం ఆ రాకపోకలకు దారి ఇస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో పుణ్యాత్ముడు ఆ సందుల్లో సున్నం గీకి సిమెంటు నింపాడు, లోపల జిప్సం పూత పూశాడు, బయట నేల మట్టం పెంచి కాంక్రీటు పోశాడు. నీళ్లు లోపలికి వచ్చాయి గానీ బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఇటుక ముఖాలు పెచ్చులూడాయి, నేల చెక్కలు కుళ్లాయి. ఆ పైన చెక్క కోసం తయారుచేసిన చెమ్మ మీటరును గోడకు గుచ్చితే, గోడలో పేరుకున్న లవణాల వల్ల ముల్లు ఎర్రగీత దాటుతుంది. అది చూసి ‘మరమ్మతుకు అందని స్థితి’ అని రాసేస్తారు. గోడకు పట్టిన జబ్బు ఇంటి వయసుది కాదు, వైద్యానిది. కౌన్సిళ్లు రెండో అభిప్రాయం అడిగేటప్పుడు, పాత కట్టడాల పనిలో గుర్తింపు ఉన్న ఇంజినీరు కావాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. కొత్త ఇళ్ల కొలతలతో పాత ఇంటిని కొలిస్తే ప్రతి పాత ఇల్లూ తప్పినట్టే.

మరి ఆ పాడుబడటం యజమాని కావాలని చేసిందైతే? పైకప్పు మీద నాలుగు పలకలు జారిపోయాక అయిదేళ్లు పట్టించుకోకపోతే చాలు, మిగతా పని వాన చేసిపెడుతుంది. ఈ ఎత్తుగడ అందరికీ తెలిసిందే కాబట్టి నిబంధనలూ దాన్ని గుర్తించాయి. ఉద్దేశపూర్వక నిర్లక్ష్యానికి ఆధారాలుంటే, ఆ దిగజారిన స్థితిని నిర్ణయంలో లెక్కలోకి తీసుకోకూడదని జాతీయ విధానం చెబుతోంది. యజమాని చేతల వల్లో చేయకపోవడం వల్లో ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోయి, మరమ్మతుతో భద్రం చేయగల స్థితిలోనే ఉంటే, 28 రోజుల సడలింపు కూడా వర్తించదు. లిస్టెడ్ అయితే కౌన్సిల్ అత్యవసర పనులు తానే చేయించి ఖర్చు వసూలు చేయొచ్చు, ఇంకా మొండికేస్తే బలవంతంగా కొనుక్కోవచ్చు. కాగితం మీద ఇదంతా గట్టిగానే ఉంది. ఆచరణలో ‘ఉద్దేశపూర్వకం’ అని రుజువు చేయడం ఎవరి తరం? డబ్బుల్లేక బాగుచేయలేదన్న ముసలాయన్నీ, పడిపోవాలని ఎదురుచూసిన బిల్డరునీ వాన నీళ్లు వేరుచేసి చూపించవు.

కాగితాలు తేలకముందే ఇల్లు పోతే ఏమవుతుందన్నదానికి రెండు ఉదాహరణలున్నాయి, రెండూ పబ్బులే. లండన్‌లో 1920–21లో కట్టిన కార్ల్‌టన్ టావర్న్‌ను 2015 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా పడగొట్టారు. దాన్ని ఇటుక ఇటుకా తిరిగి కట్టమని వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ ఆదేశించింది, 2021లో అది మళ్లీ తెరుచుకుంది. కూల్చకముందే హిస్టారిక్ ఇంగ్లండ్ వివరంగా నమోదు చేసి పెట్టడం వల్ల అది సాధ్యమైంది. స్టాఫర్డ్‌షైర్‌లో గనుల తవ్వకం వల్ల ఒరిగిపోయి ‘క్రూకెడ్ హౌస్’గా పేరుపడ్డ పబ్బు 2023 ఆగస్టులో మంటల్లో కాలింది, రెండు రోజుల్లో నేలమట్టం చేశారు. 2024 ఫిబ్రవరిలో కౌన్సిల్ తిరిగి కట్టమని నోటీసు ఇచ్చింది. అది లిస్టెడ్ కాదు. ఇంత పేరున్న వాటికే ఇలా జరిగితే, పేరులేని కాటేజీ కోసం మూడేళ్లు కోర్టుల చుట్టూ తిరిగేదెవరు?

డబ్బు వైపు చూస్తే ప్రభుత్వం ఎటు ఉందో చెప్పడం కష్టం. కొత్త ఇల్లు కట్టడం మీద వ్యాట్ సున్నా. పాత ఇంటి మరమ్మతు మీద మామూలుగా 20 శాతం. రెండేళ్లు ఖాళీగా ఉన్న ఇంటికి 5 శాతమే పడుతుంది. లిస్టెడ్ ఇళ్లలో అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు ఉన్న సున్నా రేటును 2012లో తీసేశారు. అంటే వారసత్వం కాపాడమని ఒక శాఖ చెబుతుంటే, కూల్చి కట్టుకోమని పన్ను శాఖ బేరం పెడుతోంది. మరమ్మతు అంచనా, కొత్త నిర్మాణం అంచనా పక్కపక్కన పెట్టి ‘చూడండి, కొత్తదే చవక’ అని చూపించే దరఖాస్తుల్లో ఈ 20 శాతం తేడా కలిసే ఉంటుంది. ఆ పట్టికను పన్ను తీసేసి మళ్లీ లెక్కకట్టమని అడిగే అధికారి కావాలి.

గబ్బిలాలు వేరే సంగతి. ఏ జాతి గబ్బిలమైనా అక్కడ చట్టరక్షణలో ఉంది, పాత పైకప్పులు వాటికి ఇష్టమైన చోటు. సాయంత్రం అవి బయటికొచ్చే లెక్కలు మే నుంచి సెప్టెంబరు లోపే తీయాలి. అక్టోబరులో దరఖాస్తు పెట్టినవాళ్లకు ఆరేడు నెలలు అలా పోతాయి. చరిత్ర ఆపలేని బుల్డోజరును గబ్బిలం ఆపిన సందర్భాలు లేకపోలేదు. ఆపినా అది తాత్కాలికమే, లైసెన్సు తెచ్చుకుంటే దారి తెరుచుకుంటుంది.

రెడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కుంటున్న తెలుగు కుటుంబాలకు దీనితో నేరుగా పని పడుతుంది. పెద్ద స్థలంలో చిన్న పాత ఇల్లు చూసి, ధరంతా నేలకేనని లెక్క వేసుకుని కొంటే, తర్వాత బయటపడే ఆర్టికల్ 4 ఆ లెక్కను తలకిందులు చేస్తుంది. జాతీయ జాబితా ఇంటర్‌నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. కౌన్సిల్ స్థానిక జాబితా, కన్జర్వేషన్ ఏరియా పటం, పక్కనున్న పెద్ద బంగళా లిస్టెడా కాదా అన్నది కూడా బయానా ఇవ్వకముందే చూసుకోవాలి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఎస్టేట్ ఏజెంట్ ఇవన్నీ చెబుతాడని ఆశ పెట్టుకోకూడదు.

ఇక అనుమతి ఇవ్వడమే సరైన సందర్భాలూ ఉన్నాయి. వరదల్లో పదేపదే మునిగే ఇల్లు, నిజంగానే పునాది జారిపోయిన ఇల్లు, మూడు విడతల ‘ఆధునికీకరణ’లో పాతది ఒక్క ఇటుకా కనపడకుండా పోయిన ఇల్లు. వీటికి అడ్డుపడటం వల్ల, నిజంగా కాపాడాల్సినవాటి కోసం వాదించేవాళ్ల మాట పలచనవుతుంది. అప్పుడు చూడాల్సింది షరతులు. కూల్చేముందు ఇంటిని కొలిచి, ఫొటోలు తీసి, రికార్డు కౌన్సిల్‌కు ఇవ్వాలని సాధారణంగా అడుగుతారు. అయితే రికార్డు చేయగలమన్నది కూల్చడానికి అనుమతించే కారణం కాకూడదని జాతీయ విధానం స్పష్టంగానే రాసింది. అంతకంటే పదునైన షరతు ఇంకోటుంది, కన్జర్వేషన్ ఏరియాల్లో తరచూ పెట్టేది. కొత్త ఇంటికి నిర్మాణ ఒప్పందం సంతకమయ్యేదాకా పాత ఇంటి మీద చెయ్యి వేయకూడదు. ఇది లేని చోట, ఇల్లు పోయి, బిల్డరు చేతిలో డబ్బు అయిపోయి, చుట్టూ కట్టిన తాత్కాలిక అడ్డుగోడ వెనక గడ్డి పెరిగిన స్థలాలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. వాటికి ప్లానింగ్ పర్మిషన్ మాత్రం ఉంటుంది, పని మొదలుపెట్టకపోతే మూడేళ్లకు అదీ గడువు తీరిపోతుంది.